అపిసాయి బస్సులో గూఢచారి ఎన్నిసార్లు చచ్చాడు

వైనికోరో దారిలో బస్సు నడిపిన అపిసాయి మావయ్య సినిమా హాల్లో అడుగు పెట్టకుండానే సినిమాల మీద తీర్పులు చెప్పేవాడు. ఆ తీర్పులకు తిరుగు లేదు. ఫీజీలోని మా దీవిలో ఏ జడ్జీ మాటనూ జనం అంత బుద్ధిగా విని ఉండరు.

ఆయన పుట్టింది నది మలుపులో ఉన్న పల్లెలో. తండ్రి ఆదివారం చర్చిలో ప్రసంగాలు చెప్పేవాడు, మిగతా రోజులు చేమదుంపలు పండించేవాడు. కొడుకు కూడా ప్రసంగాలు చెబుతాడని ఆశపడ్డాడు. అపిసాయి మాత్రం చిన్నప్పుడు చెరుకు లారీల వెనక పరిగెత్తి, మీసాలు వచ్చాక ఆ లారీలే ఎక్కి, పెళ్ళయ్యేనాటికి బస్సు స్టీరింగు ముందు కూర్చున్నాడు. మనిషి తలుపంత వెడల్పు, గొంతు మాత్రం పసిపిల్లను నిద్రపుచ్చేంత మెత్తన. బస్సు కిక్కిరిసి ఉన్నప్పుడు ఎవరైనా మంచం తెచ్చినా సరే, "ఎక్కించమ్మా, చోటు అదే పుడుతుంది" అనేవాడు. ఎలా పుట్టేదో గానీ పుట్టేది.

అప్పట్లో నేను లంబాసా పట్నంలో ఒక దర్జీ కొట్లో పనిచేసేదాన్ని. శనివారం మధ్యాహ్నానికల్లా కొట్టు మూసేవారు. డ్రైవరు వెనక సీటు నాది. నన్ను చూడగానే "ప్రేమిలా, ఈ వారం ఎన్ని చొక్కాలు పాడుచేశావు?" అని అడగడం ఆయనకు అలవాటు. మేం ఎప్పుడో ఇండియా నుంచి వచ్చిన చెరుకు రైతులం, వాళ్ళు పల్లెలో ఉండే ఫీజీ మూలవాసులు. మా అమ్మ, ఆయన భార్య వరనిసేసె కలిసి మడ అడవిలో పీతలు పట్టేవాళ్ళు. అందుకని ఆమె నాకు అత్త, ఆయన మావయ్య.

టీవీ మా దీవికి ఇంకా రాలేదు. శనివారం పొద్దున్న జనం బజారు చేసుకుని, పిండి బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు, కాళ్ళు కట్టిన కోళ్ళు అన్నీ అపిసాయి బస్సులో పడేసి మ్యాటినీకి వెళ్ళిపోయేవాళ్ళు. ఆయన ఆ సామానుకు కాపలా. హాలు వదలగానే అందరూ బస్సెక్కేవాళ్ళు, బస్సు కదలగానే సినిమా మళ్ళీ మొదలయ్యేది. హిందీ వచ్చినవాళ్ళం చెవులతో చూసేవాళ్ళం, రానివాళ్ళు తెర కింద పరిగెత్తే ఇంగ్లిషు అక్షరాలతో చూసేవాళ్ళు. కాబట్టి ఒకే సినిమా అయినా ఇద్దరికి రెండు రకాలుగా వచ్చేది. వాదన ముదిరినప్పుడు ఎవరో ఒకరు "మావయ్యా, నువ్వే చెప్పు" అనేవాళ్ళు. ఆయన రెండు మలుపులు తిరిగేదాకా ఆలోచించి, "ఆ తల్లి తప్పేం లేదు. మామగారిదే తప్పు. కోడిని పట్టుకోండి, గుంట వస్తోంది" అనేవాడు. దాంతో ఆ సినిమా అయిపోయినట్టే.

మరి ఆయన హాల్లోకి ఎందుకు వెళ్ళడు? అడిగితే సామాను వంక చెప్పేవాడు. అసలు సంగతి ఆయన బావమరిది ఇనోకే అందరికీ చెప్పాడు. పెళ్ళికి ముందు వరనిసేసెనూ, ఆమె అన్నదమ్ములనూ అపిసాయి సినిమాకు తీసుకెళ్ళాడట. తెర మీద కథానాయకుడి వెనక ఎవడో కత్తి పట్టుకుని నక్కి నక్కి వస్తుంటే, తలుపంత మనిషి లేచి నిలబడి "ఒరేయ్, వెనకాల! వెనకాల ఉన్నాడ్రా!" అని అరిచాడట. హాలు హాలంతా పడి పడి నవ్విందట. ఆ రోజు నుంచి ఇనోకే బావను పేరుతో పిలవలేదు. "వెనకాల" అనే పిలిచేవాడు.

"ఏం వెనకాల బావా, ఇవాళ బ్రేకులు ఉన్నాయా?"

"నీ కోసమే తీసేయించాను, బావా. నువ్వు దిగేచోట ఆపకూడదని."

మా ఫీజీ పల్లెల్లో బావా బావమరుదులు ఒకరినొకరు ఎంత ఏడిపించుకుంటే అంత ప్రేమ ఉన్నట్టు. చెరుకు కోతలో ఆ దారిలో ఇనోకేను మించినవాడు లేడు, నోటి దురుసులోనూ అంతే.

అలాంటి రోజుల్లో ఆ గూఢచారి సినిమా వచ్చింది.

ఆ శనివారం మేం హాల్లోంచి వచ్చిన తీరే వేరు. మామూలుగా నవ్వుతూనో కళ్ళు ఒత్తుకుంటూనో వచ్చేవాళ్ళం. ఆ రోజు ఒకళ్ళ మాట ఒకళ్ళకు వినబడకుండా అరుచుకుంటూ వచ్చి బస్సు మీద పడ్డాం.

"మెల్లిగా, మెల్లిగా," అన్నాడు అపిసాయి. "ఒక్కళ్ళు చెప్పండి. ప్రేమిలా, నువ్వు చెప్పు."

నేను చెప్పాను. రణజిత్ అని ఒక గూఢచారి. అతని భార్య మాలిని హోటల్లో పాటలు పాడుతుంది. దేశ రహస్యాలు ఎవరో శత్రువులకు అమ్ముతున్నారు, ఎవరన్నది తెలియదు. కొండల మధ్య తీగ మీద వేలాడే రోప్‌వే పెట్టెలో పెద్ద పోట్లాట జరిగింది. రణజిత్ లోయలో పడి చచ్చిపోయాడు. మేమంతా ఏడ్చాం. మా కళ్ళు ఆరకముందే అదే రణజిత్ తెల్లకోటు తొడుక్కుని హోటల్లోకి నడుచుకుంటూ వచ్చి మాలినితో డాన్సు చేశాడు! చివర్లో జెండా కప్పిన శవపెట్టె, దాని పక్కన మాలిని ఏడుపు. పై అధికారి కల్నలే అసలు ద్రోహి అని తేలింది, మాలిని అతన్ని కాల్చేసింది. సినిమా అయిపోయింది.

అపిసాయి గేరు మార్చడం మర్చిపోయాడు. "ఆగు. చచ్చినవాడు డాన్సు ఎలా చేశాడు?"

అదే కదా మా గొడవంతా.

"కవలలండీ," అన్నాడు బిసున్‌దేవ్ మాస్టారు. మా బడి హెడ్మాస్టరు. సినిమాలో కూడా తప్పులు దిద్దేవాడు. "లోయలో పడ్డవాడు తమ్ముడు. డాన్సు చేసినవాడు అన్న. మొదట్లో గోడ మీద ఇద్దరు పిల్లల ఫోటో చూపించలేదూ?"

"ఆ ఫోటోలో ఉన్నది మేకపిల్లలు మాస్టారూ," అన్నాను నేను.

"కవలలూ కాదు, మేకలూ కాదు," అన్నాడు ఇనోకే. "పడ్డవాడు రణజిత్తే. చచ్చాడు. తర్వాత వచ్చినవాడు శత్రువు. రబ్బరు ముసుగు వేసుకున్నాడు. ఆ పెళ్ళానికి తెలుసు, తెలిసే నవ్వుతూ డాన్సు చేసింది. పెట్టె దగ్గర ఏడ్చింది చూడు, అంతా దొంగ ఏడుపు."

నాకు ఒళ్ళు మండింది. "మాలిని దొంగా? ఆమె కళ్ళు చూశావా నువ్వు? రణజిత్ పడలేదు, తీగ పట్టుకుని వేలాడాడు. మాలిని అతన్ని దాచింది. పెట్టె ఖాళీది."

"తీగ పట్టుకుంటే చేతులు తెగవూ? తెల్లకోటుకు ఒక్క చుక్క నెత్తురు లేదు!"

వెనక సీటులోంచి లైసాని అవ్వ గొంతు వినబడింది. ఆమె పోట్లాటల కోసమే సినిమాకు వచ్చేది, పాటలప్పుడు నిద్రపోయేది. "మీకెవరికీ బుర్ర లేదు. వాడు చచ్చాడు, దెయ్యమై వచ్చాడు. కింద ఏట్లో మొసలి నోరు తెరుచుకుని ఉంటే ఎలా బతుకుతాడు?"

"మొసలి ఎక్కడుంది అవ్వా?"

"ఉంది. మీరు ఏడుస్తూ ముక్కులు చీదుకుంటున్నారు. నేను చూశాను."

అపిసాయికి మొసలి బాగా నచ్చినట్టుంది. "ఎంత పెద్దది?" అని రెండుసార్లు అడిగాడు. వంతెన దాటాం, బడి దాటాం. అందరూ తీర్పు కోసం ఎదురుచూస్తున్నారు. మాస్టారు దిగాల్సిన చోటు కూడా దాటిపోయింది, ఆయనకే తెలియలేదు.

"నాకు తేలడం లేదు," అన్నాడు అపిసాయి చివరికి.

ఆ మాట ఆయన నోట మేం అంతకు ముందు వినలేదు.

ఆ వారమంతా మా దారి రెండుగా చీలింది. మాలిని మంచిదన్నవాళ్ళు బస్సులో ఎడమ వైపు, ద్రోహి అన్నవాళ్ళు కుడి వైపు కూర్చోవడం మొదలుపెట్టారు. మాస్టారు బడిలో కవలల లెక్కలు చెప్పాడట. మా కొట్టుకు రవికెలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలు ఇవ్వకుండా రబ్బరు ముసుగు గురించి గంటసేపు మాట్లాడి వెళ్ళారు. మా అమ్మ సినిమా చూడనే లేదు, అయినా రాత్రి వంట దగ్గర నాతో పోట్లాడింది, దెయ్యాల పక్షాన.

మరుసటి శనివారం కూడా అదే సినిమా ఆడుతోంది. పొద్దున్న బస్సు ఎక్కగానే ఇనోకే మొదలెట్టాడు.

"వెనకాల బావా, ఇవాళ నువ్వే వెళ్ళి చూసిరా. వచ్చి చెప్పు. నువ్వేం చెబితే అదే."

"సామాను ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా."

"నువ్వా? నా బస్సునా? తిరిగొచ్చేసరికి టైర్లు కూడా ఉండవు."

అప్పుడు పక్క సీటులో మార్కెట్టు బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వరనిసేసె అత్త నోరు విప్పింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "నేనూ వస్తాను. పెళ్ళయిన తర్వాత నన్ను ఎక్కడికైనా తీసుకెళ్ళావా, చర్చికి తప్ప?"

ఇక వాదన లేదు. ఆయన బస్సు ఇంటి ముందు ఆపి, లుంగీలా చుట్టుకునే మంచి సులు కట్టుకున్నాడు, పూల చొక్కా తొడుక్కున్నాడు. ఆమె జడలో మందారం పెట్టుకుంది. చేతులు పట్టుకోలేదు గానీ పక్కపక్కనే నడిచి హాల్లోకి వెళ్ళారు. మేం మళ్ళీ టికెట్టు కొనలేదు. చూసినదాన్ని మళ్ళీ ఎందుకు చూడటం, అందులోనూ ఎవరికి వాళ్ళకు సంగతంతా తెలిసిపోయాక. చినుకులు పడుతుంటే బస్సు కిటికీలకు తడికల్లా వేలాడే టార్పాలిన్లు దించుకుని కూర్చున్నాం. ఇనోకే కాపలా కాస్తూ మాస్టారి సంచిలోని వేయించిన బఠాణీలన్నీ తిన్నాడు.

హాల్లో ఏం జరిగిందో అత్త నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది. దీపాలు ఆరగానే ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడట, లేవకూడదని. పాటలప్పుడు బాగానే ఉన్నాడట. రోప్‌వే పెట్టె తలుపు ఊడి రణజిత్ జారుతుంటే మాత్రం ఆ చేతులు వాటంతటవే బయటికొచ్చాయి, మనిషి లేచి నిలబడ్డాడు, "పట్టుకోరా! కడ్డీ పట్టుకో!" అని అరిచాడు. అత్త సిగ్గుతో తల వంచుకోబోయింది. తీరా చూస్తే హాల్లో సగం మంది నిలబడే ఉన్నారు, అంతా అరుస్తూనే ఉన్నారు. ఆయన గొంతు ఎవరికీ వినబడలేదు. "అంత సంతోషంగా ఆయన మొహం నేను మళ్ళీ చూడలేదే పిల్లా," అంది అత్త.

బయటికి వచ్చేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మేమంతా చుట్టుముట్టాం.

"చెప్పు బావా! ముసుగేనా?"

"కవలలే కదా?"

"పోయాడు పాపం," అన్నాడు అపిసాయి. "మంచి మనిషి. పోయాడు."

"పోయాడు సరే. ఆ తర్వాత?"

"తర్వాత ఏముంది? పెట్టె. ఆ అమ్మాయి ఏడ్చింది. కల్నల్ని కాల్చింది. అయిపోయింది."

"డాన్సు?"

"డాన్సు ముందే అయిపోయిందిగా! హోటల్లో. ఇద్దరూ డాన్సు చేశారు, మొగుడూ పెళ్ళామూ. తర్వాత కొండ మీదికి వెళ్ళాడు. పడ్డాడు. చచ్చినవాడు మళ్ళీ ఎలా డాన్సు చేస్తాడు?"

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇనోకే నవ్వాడు. "బావా, నువ్వు నిద్రపోయావు."

"నిద్రా? నేనా?"

"పోట్లాట అయ్యాక నిద్రపోయావు. పెట్టె దగ్గర లేచావు. మధ్యలో తెల్లకోటు నీ కలలోకి వెళ్ళిపోయింది."

"ఆయన కన్ను మూయలేదు," అంది వరనిసేసె అత్త.

"భార్య సాక్ష్యం చెల్లదమ్మా," అన్నాడు మాస్టారు. బఠాణీలు పోయిన కోపం కూడా ఉందేమో.

నేను కూడా ఊరుకోలేదు. "మావయ్యా, నిద్ర వస్తే తప్పేముంది, వారమంతా బస్సు నడుపుతావు," అన్నాను. సాయం చేస్తున్నాననుకున్నాను. అది ఆయనకు అందరి మాటలకన్నా ఎక్కువ తగిలిందని మొహం చూశాక తెలిసింది.

ఆయన స్టీరింగు ముందు కూర్చుని ఇంజను వేయలేదు. వెనక్కి తిరిగాడు. "మొసలి ఏది?" అన్నాడు.

మాస్టారు వెనక సీటు వైపు చూశాడు.

"మొసలి కోసం నేను సినిమా అంతా చూశాను. ఏరు వచ్చినప్పుడల్లా ముందుకు వంగి చూశాను. లేదు."

"కిందే ఉంటుందిరా అపీ," అంది లైసాని అవ్వ. "నువ్వు పైకి చూసి ఉంటావు."

"లేదు అవ్వా. మొసలీ లేదు, కవలలూ లేరు, ముసుగూ లేదు. ఇన్నేళ్ళూ మీరు చెప్పిన సినిమాలన్నీ ఇలాంటివేనా? నేను ప్రతి మాటా నమ్మాను. ఆ సినిమాల్లో తల్లుల కోసం ఇంటికెళ్ళి ప్రార్థన చేశాను. మీరేమో నవ్వుకున్నారా?"

"అయ్యో, అలా కాదు మావయ్యా..."

"ఈ బస్సులో ఇక సినిమా మాట వద్దు."

ఆయన గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే మర్నాడే మర్చిపోయేవాళ్ళం.

తర్వాతి వారాలు మా దారికి మంచి రోజులు కావు. మ్యాటినీకి వెళ్ళేవాళ్ళం, వచ్చి నోరు మూసుకుని కూర్చునేవాళ్ళం. కానీ అంత దూరం నోరు మూసుకుని కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది? సినిమావాళ్ళ గురించి మాట్లాడే వీలు లేక జనం ఒకళ్ళ గురించి ఒకళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎవరి కోడలు వంట సరిగ్గా చేయదు, ఎవరి ఎద్దు ఎవరి చెరుకు మేసింది, ఇలా. అంతకు ముందు రణజిత్ కోసం గొంతు చించుకున్నవాళ్ళు ఇప్పుడు నిజంగానే పగలు పెంచుకున్నారు. ఒక శనివారం ఇద్దరు ఆడవాళ్ళు బెండకాయలతో కొట్టుకున్నారు.

అన్నింటికన్నా భయపెట్టింది బావా బావమరుదుల తీరు.

"నమస్కారం, అపిసాయి. బాగున్నారా?" అనేవాడు ఇనోకే బస్సెక్కుతూ.

"బాగున్నాను. కూర్చోండి," అనేవాడు అపిసాయి.

వరనిసేసె అత్త మా ఇంటికి వచ్చి మా అమ్మ దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంది. "ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుంటున్నారు అక్కా. మా ఇంట్లో ఇలా ఎప్పుడూ జరగలేదు. తిట్టుకుంటే బాగుండు."

ఈ ముడి విప్పినవాడు నియాజ్. సినిమా హాల్లో మెషీన్ నడిపే ఆపరేటరు. సన్నగా, ఎప్పుడూ ఎక్కడో నిప్పు పెట్టి వచ్చినవాడిలా కంగారుగా ఉండేవాడు. వాళ్ళ అక్క కూతురి పెళ్ళి వైనికోరోలో. ఒక సోమవారం మిఠాయి డబ్బా ఒళ్ళో పెట్టుకుని మా బస్సు ఎక్కాడు. బస్సులో సగం మంది శనివారం మనుషులే, నేనూ ఉన్నాను. కాసేపు కూర్చుని అటూ ఇటూ చూశాడు.

"ఎవరైనా పోయారా?" అని మెల్లగా అడిగాడు నన్ను.

"లేదు."

"మరి ఇలా ఉన్నారేంటి? మీ బస్సు గోల సినిమా హాలు దాకా వినబడేదిగా."

మాస్టారు గొంతు తగ్గించి జరిగిందంతా చెప్పాడు. డ్రైవరుకు వినబడకూడదని తగ్గించాడు గానీ ఆయన చెవులు మావైపే ఉన్నాయని అద్దంలో నాకు కనిపిస్తోంది. నియాజ్ వింటూ వింటూ మిఠాయి డబ్బా గట్టిగా పట్టుకున్నాడు. మొహం పాలిపోయింది.

"మీరు చూసింది మొదటి శనివారమా?" అన్నాడు.

"అవును."

"డ్రైవరు చూసింది రెండో శనివారం?"

"అవును. ఏం?"

"ఏం లేదండీ... అంటే... ఆ రీళ్ళ డబ్బాలు సువా నుంచి పడవలో వచ్చేటప్పుడు తడిశాయి. మీద అంటించిన కాగితాలు ఊడిపోయాయి. మొదటి రోజు హోటలు రీలు వెనకా, కొండ రీలు ముందూ వేశాను. ఆదివారం మెషీన్ గది అద్దంలోంచి తెరను చూసి సర్దేశాను."

బస్సు ఆగింది. ఎవరూ దిగేచోటు కాదది, చెరుకు తోటల మధ్య రోడ్డు.

"వేసి చెప్పలేదా?" అన్నాడు మాస్టారు.

"ఎలా చెప్పను మాస్టారూ? జనం అంత సంబరంగా బయటికి వెళ్తున్నారు. ఇంత గొప్ప మలుపున్న సినిమా ఎప్పుడూ చూడలేదని మీరే కదా నా భుజం తట్టారు!"

మాస్టారు కిటికీలోంచి చెరుకు చూడసాగాడు.

అపిసాయి సీటులోంచి లేచి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఇనోకే కూడా లేచాడు. ఇద్దరి మధ్యా పిండి బస్తాలు.

"అయితే మీరు నిద్రపోలేదన్నమాట," అన్నాడు ఇనోకే.

"అయితే మీరు అబద్ధం చెప్పలేదన్నమాట," అన్నాడు అపిసాయి.

"మీరు ఏంట్రా మీరు, వెనకాల బావా!"

ఇంకేముంది, ఇద్దరూ బస్తాల మీదుగా వంగి కావిలించుకున్నారు, పిండి ఎగిరి అందరి మీదా పడింది. అందరం ఒక్కసారిగా మాట్లాడటం మొదలెట్టాం. ఆ గోలలో లైసాని అవ్వ కర్రతో నేల మీద కొట్టింది.

"ఒరే నియాజూ, మొసలి ఏ డబ్బాలో ఉంది?"

"మొసలా?" అన్నాడు నియాజ్. "ఈ సినిమాలో మొసలి లేదు అవ్వా."

బస్సంతా అవ్వ వైపు తిరిగింది. ఆమె ఏమాత్రం తొణకలేదు. "అంత ఎత్తునుంచి పడేశారు. కింద మొసలి కూడా లేకపోతే ఆ ఏరు ఎందుకు? నేను టికెట్టు కొన్నాను. ఆ మాత్రం వేసుకోకూడదా?"

ఆ రోజు అపిసాయి నవ్వినంత ఎవరూ నవ్వలేదు. స్టీరింగు మీద తల పెట్టి నవ్వాడు, హారను మోగింది, చెరుకులోంచి మైనాలు లేచిపోయాయి.

ఇంత తేలిన తర్వాత మేం మా అభిప్రాయాలు మార్చుకుని ఉంటామనుకుంటే పొరపాటు. "రీళ్ళు సరిగ్గా వేసినా సరే కవలల వాదానికి అడ్డేం లేదు," అన్నాడు మాస్టారు దిగుతూ. ఇనోకేకు మాలిని మీద అనుమానం చచ్చేదాకా పోలేదు. "సరైన సినిమాలో మంచిదే కావచ్చు. మేం చూసిన సినిమాలో మాత్రం ద్రోహే," అనేవాడు. నాకు కూడా మొదటి శనివారం చూసిన సినిమాయే ఇష్టం. అందులో రణజిత్ చచ్చి కూడా ఒక డాన్సు ఎక్కువ చేశాడు.

ఆ సాయంత్రం ఇనోకే నీళ్ళలో పిసికి తాగే యాంగోనా వేళ్ళ కట్ట చంకలో పెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. చాప మీద కూర్చుని, తల వంచి, తప్పయింది బావా అని పద్ధతి ప్రకారం చాలా గంభీరంగా మొదలుపెట్టి, మధ్యలో "కానీ నువ్వు కాస్త కునికే ఉంటావు" అని చేర్చాడట. అపిసాయి కొబ్బరి చిప్ప అందుకుని, ఒక్క గుక్కలో తాగి, మూడుసార్లు చప్పట్లు కొట్టి, "నీ చెల్లని ముసుగును క్షమించాను" అన్నాడట. వంటింట్లో వరనిసేసె అత్త కర్రపెండలం చెక్కు తీస్తూ ఇద్దరి తిట్లూ వింటూ కూర్చుంది. అంత హాయిగా ఆమె ఎప్పుడూ చెక్కు తీయలేదట.

తర్వాత మా బస్సుకు ఒక నష్టం మాత్రం జరిగింది. అపిసాయికి సినిమా రుచి తగిలింది. సామానుకు మాలో ఒకళ్ళు వంతులవారీగా కాపలా ఉండేవాళ్ళు, ఆయనా అత్తా ప్రతి శనివారం హాల్లో కూర్చునేవాళ్ళు. చూడనన్నాళ్ళూ ఆయన ఎవరి పక్షమూ కాదు. చూశాక ఆయనకూ ఒక పక్షం వచ్చింది, అదీ మా అందరికన్నా మొండిది. పోట్లాట సినిమాల్లో ఆయనకు దుష్టులంటే జాలి, "వాడికి సరైన అమ్మ ఉండి ఉంటే" అంటూ మొదలెట్టేవాడు. తీర్పు చెప్పేవాడు లేక ఒకే సినిమా వాదన వారాల తరబడి సాగేది. కావాలనుకున్నా ఇక పాత అపిసాయి దొరకడు కదా అని మాస్టారు విచారించేవాడు, అది చెప్పి ఆయనతోనే వాదనకు దిగేవాడు.

ఒక శనివారం నాకు బాగా గుర్తు. ఆ రోజు ఆడింది ఒక ప్రేమకథ. మలుపులు లేవు, తుపాకులు లేవు. ఒక పిల్లవాడు ఒక పిల్లను ఇష్టపడ్డాడు, పెద్దలు కాదన్నారు, తర్వాత ఔనన్నారు, పెళ్ళయింది. అందరికీ ఒకేలా నచ్చింది. బస్సులో మాట్లాడటానికి ఏమీ లేక ఒక్కొక్కళ్ళే తలలు వాల్చేశారు. ఇనోకే గురక పెడుతున్నాడు. లైసాని అవ్వ కోడిని ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది, కోడి కూడా నిద్రపోతోంది.

మిల్లుకు వెళ్ళే చెరుకు రైలు రోడ్డుకు అడ్డంగా వచ్చింది. అపిసాయి ఇంజను ఆపాడు. చెరుకు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా పోతున్నాయి. పక్కన మొలాసిస్ వాసన, పొద్దు వాలుతున్న ఎండ. ఆయన అద్దంలో వెనక్కి చూశాడు. అందరి తలలూ వేలాడుతున్నాయి. కాసేపు వేళ్ళతో స్టీరింగు మీద తాళం వేశాడు. తర్వాత మెత్తని గొంతుతో, ఎవరినీ ఉద్దేశించనట్టు అన్నాడు:

"ఆ పిల్ల ఆ కుర్రాణ్ణి ఇష్టపడి చేసుకోలేదు. పక్కింటివాణ్ణి ఏడిపించడానికి చేసుకుంది."

నేను ఉలిక్కిపడి లేచాను. "పక్కింటివాడు ఎవడు మావయ్యా? సినిమాలో పక్కిల్లే లేదు!"

"ఉంది. గేటు నీలంరంగుది."

"నీలం కాదు, ఆకుపచ్చ," అన్నాడు ఇనోకే కళ్ళు తెరవకుండానే.

"గేటు ఏ రంగైతేనేం, అక్కడ ఉండేది ముసలాయన కదండీ!" అన్నాడు మాస్టారు సర్దుకుని కూర్చుంటూ. వెనక సీటులో కోడి అరిచింది. ఆఖరి పెట్టె కూడా దాటిపోయి రోడ్డు ఖాళీ అయింది, అపిసాయి మాత్రం ఇంజను వేయకుండా పూర్తిగా వెనక్కి తిరిగి, వేలు ఎత్తి, ముసలాయన గురించి చెప్పడం మొదలుపెట్టాడు.